తలకిందుల ముద్ర

"ఒకటి!"

లక్క కరిగించే సారంగుడు కంచుపలక మీద సుత్తితో కొట్టాడు. ఎర్రగా కరిగిన లక్క గరిటెలోంచి జారి పట్టులేఖ అడుగున గుండ్రంగా పరుచుకుంది.

ఇది మూడోసారి. ఇదే ఆఖరిసారి. ఒక లేఖకు లక్కను మూడుసార్లే కరిగించాలి. సారంగుడు నూరు అంకెలు లెక్కపెట్టేలోగా నాలుగు ముద్రలూ పడకపోతే ఆ విషయం మళ్ళీ అమావాస్య దాకా ఎవరూ ఎత్తకూడదు. పన్నెండేళ్ళ క్రితం నాలుగు రాజ్యాలు కూటమి కట్టినప్పుడు రాసుకున్న నియమం అది. బయటి రాజులతో మాట్లాడాలన్నా, సరిహద్దు దాటి సైన్యం కదలాలన్నా నలుగురిదీ ఒకే మాట కావాలి.

అమావాస్య దాకా ఆగే వీలు ఆ నాలుగింట్లో ఒకటైన నీలద్రోణికి లేదు. ధూమ్రకేశుడనే మాంత్రికుడు కరాళ కనుమలోంచి వదిలిన నల్లటి పొగ అప్పటికే మూడు కోటలను మింగింది. ఆ పొగ తాకినవాళ్ళు నిలుచున్నచోటే బొగ్గుబొమ్మలైపోయారు. ఈ సాయంత్రం సూర్యుడు కుంగేసరికి అది నీలద్రోణి నగరాన్ని చేరుతుంది. లోపల నలభైవేల మంది ఉన్నారు. ఆ పొగను చెదరగొట్టగలిగేవి గరుడద్వీపపు మహాపక్షుల రెక్కలు మాత్రమే. ఆ పక్షులు కావాలంటే ఈ లేఖ వెళ్ళాలి.

"రెండు!"

నాలుగు నదులు కలిసేచోట, నీటి నడుమ తెల్లటి తామరమొగ్గలా లేచిన రాతిదీవి సంగమశిల. దాని మీద పాలరాతి సభామంటపం. ఏ రాజూ ఇంకో రాజు వెనక నడవకుండా నాలుగు దిక్కులకూ నాలుగు ద్వారాలు. నాలుగు సింహాసనాలకూ ఒకే ఎత్తు, ఒకే చెక్కడం, ఒకే లెక్కన కెంపులు. ఒక సింహాసనం కాలు గోరంత అరిగితే మిగిలిన మూడింటినీ అంతమేరా చిత్రిక పట్టించేవాళ్ళు. వింజామరలు వీచే నలుగురు స్త్రీలు కూడా ఒకే పొడుగు.

ఇంత సమానంగా ఉన్నా మొదటి లక్క, లేఖలో ఎవరి పేరు ముందుండాలన్న తగవులో గడ్డకట్టింది. చివరికి పేర్లు చక్రంలా రాశారు. రెండోది, దూత ఎవరి మనిషి కావాలన్న తగవులో పోయింది. అది తేలక దూత పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలారు.

"నాలుగు!"

నీలద్రోణి రాణి కువలయ అందరికంటే ముందు లేచి వేలికున్న ఉంగరంతో తన కలువపువ్వు ముద్రను లక్క మీద ఒత్తింది.

"పదకొండు!"

వేత్రవనం ముసలిరాజు వేణుధరుడు కర్ర ఊతంగా వచ్చి బాణం ముద్ర వేశాడు. "కానివ్వండి నాయనలారా," అన్నాడు మిగిలిన ఇద్దరితో. "ఈ వయసులో నన్ను మళ్ళీ పడవెక్కించకండి."

హేమకూటం రాజు రణకేతు మీసం సవరించుకుని లేవబోయాడు. సరిగ్గా అప్పుడే పడమటి ద్వారంలో శంఖం మోగింది.

నల్లటి దుస్తులు తొడిగిన ఒక దూత లోపలికి వచ్చాడు. అతని చేతుల్లో ముత్యాల గొడుగు. అంచున వేలాడుతున్న ముత్యాలు ఒక్కొక్కటీ నిమ్మకాయంత. సభలోని కళ్ళన్నీ దాని మీదే వాలాయి.

"ధూమ్రకేశ ప్రభువు పంపిన కానుక," అన్నాడు దూత. "శంఖపురం మహారాజు అర్ణవసేనులవారికి మాత్రమే."

"ఇరవై ఆరు," అన్నాడు సారంగుడు.

రణకేతు సగం లేచినవాడు అలాగే ఆగిపోయాడు. "మాత్రమే అంటే?"

"మాత్రమే అంటే మాత్రమే, మహారాజా."

"హేమకూటానికి ఏమీ లేదా?"

"లేదు."

"పడవలో ఏమన్నా మరిచిపోయావేమో చూసుకో."

"ఒక్కటే ఇచ్చారు, మహారాజా."

రణకేతు ముఖం జేవురించింది. "చూశారా! నీలద్రోణి తర్వాత ఆ మాంత్రికుడి దారిలో ఉన్నది నేను. పదివేల గుర్రాలున్నవాణ్ణి నేను. నన్ను ప్రసన్నం చేసుకోవాల్సింది పోయి ఈ చేపల రాజుకి గొడుగు పంపుతాడా? శత్రువు లెక్కలో కూడా నేను వీడి తర్వాతేనా?"

అర్ణవసేనుడు చిరునవ్వు దాచుకోలేకపోయాడు. ఇద్దరూ ఒకే గురుకులంలో చదివారు. "నువ్వు అప్పుడూ ఇంతే రణకేతూ. గురువుగారు నాకు రెండో లడ్డూ పెట్టారని మూడు రోజులు పాఠం వినలేదు."

"రెండోది నాది!"

"మీ లడ్డూల సంగతి తర్వాత చూసుకోండి!" కువలయ గొంతు పగిలినట్టు వచ్చింది. "అక్కడ పొగ నా ఊరి మీదికి వస్తోంది. ముద్ర వెయ్యండి."

"నేను వెయ్యను," అన్నాడు రణకేతు కూలబడుతూ. "గొడుగు పుచ్చుకున్నవాడే పోయి యుద్ధం చేసుకోనీ. నా గుర్రం ఒక్కటి కూడా కదలదు."

"నలభై మూడు!"

సారంగుడు సుత్తి కొడుతూనే ఆలోచించాడు. లక్క కరిగించేవాడు లెక్క ఆపకూడదు. కానీ లెక్క మధ్యలో మాట్లాడకూడదని నియమం లేదు.

"మహారాజా, నలభై నాలుగు, తలకిందుల ముద్ర ఉంది కదా!"

ఒడంబడికలో ఆ వెసులుబాటు నిజంగానే ఉంది. ఇష్టం లేని రాజు తన ముద్రను తలకిందులుగా వేయవచ్చు. 'నా సైన్యం రాదు, కానీ మీకు అడ్డుపడను' అని దానికి అర్థం. లేఖ చెల్లుతుంది. పన్నెండేళ్ళలో ఒక్కరూ దాన్ని వాడలేదు. తన రాజచిహ్నం తలకిందులుగా కనబడటం ఏ రాజుకు ఇష్టం?

"నా ముద్రలో గుర్రం కాళ్ళు పైకెత్తుకుని పడుకోవాలా?" అని గర్జించాడు రణకేతు.

"ఒక్కసారి ఆలోచించండి, నలభై ఎనిమిది, మూడు ముద్రలు మామూలుగా ఉండి ఒక్కటి తలకిందులుగా ఉంటే, చూసేవాళ్ళ కళ్ళు ముందు దేని మీద పడతాయి? మొట్టమొదట ఆ ముద్ర వేసిన రాజని చరిత్రలో ఎవరి పేరు రాస్తారు?"

రణకేతు ఓరగా అర్ణవసేనుణ్ణి చూశాడు. మీసం మెల్లిగా లేచింది. రెండంగల్లో వచ్చి హేమకూటపు గుర్రాన్ని తలకిందులుగా లక్కలో దిగ్గొట్టాడు.

కువలయ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. పదివేల గుర్రాలు పోయాయి. అయినా లేఖ బతికింది.

అది ఒక్క క్షణమే.

"బాగుంది," అన్నాడు అర్ణవసేనుడు లేస్తూ. అతని ముఖంలో నవ్వు లేదు. "వీడు గుర్రాలు దాచుకుని చరిత్రకెక్కుతాడు. నేను ఓడలు ముంచుకోవాలి. అంతేనా? నా శంఖం కూడా తలకిందులే."

తలకిందుల ముద్ర ఒక్కటైతేనే చెల్లుబాటు. నాలుగింటిలో రెండు పడితే లేఖ చచ్చినట్టే. రణకేతును కదిలించిన ఎత్తే ఇటు తిరిగి సారంగుడి మెడకు చుట్టుకుంది.

"మహారాజా, ఆగండి! అరవై ఒకటి!"

అర్ణవసేనుడు ఆగలేదు. ఎడమచేత్తో గొడుగు కర్ర అందుకుని, కుడిచేతి ఉంగరం తిప్పుకుంటూ అడుగు వేశాడు. సారంగుడి చూపు నిస్సహాయంగా నేలకు దిగింది. అక్కడ ఆగిపోయింది.

పడమటి ద్వారం నుంచి గొడుగు తెచ్చిన దూత వరకు తెల్లటి పాలరాతి మీద వరసగా నల్లటి అడుగులు. మనిషి కాళ్ళకంటిన బురద కాదది. బొగ్గు. అందరూ ముత్యాలు చూస్తూ నేల చూడలేదు.

"అరవై నాలుగు!" అని అరుస్తూ సారంగుడు కుంపటి మీది గరిటెలో మరుగుతున్న మిగతా లక్కను దూత ముఖం మీదికి విసిరాడు.

ముఖం నిలువునా చీలింది. రక్తం రాలేదు. నల్లటి పొగ బుస్సుమంది. గొడుగు తనంతట తాను ఫట్టున విచ్చుకుంది. ముత్యాలు ఒక్కొక్కటే పగిలి పొగ కక్కసాగాయి. వింజామరల స్త్రీలు కేకలు పెట్టారు.

"వదలండి మహారాజా! అరవై తొమ్మిది! గొడుగు వదలండి!"

గొడుగు కర్ర అర్ణవసేనుణ్ణి వదల్లేదు. పట్టు విడిపించుకోవడానికి అతను కుడిచేత్తో దాని కమ్మీలను గుంజాడు. పొగ ఆ చేతిని నాకింది. వేళ్ళు, అరచెయ్యి, మణికట్టు వరసగా నల్లబడి బిగుసుకున్నాయి. వేణుధరుడు ముసలితనం మరిచి కర్రతో గొడుగు పిడిని ఫెళ్ళున విరగ్గొట్టాడు. మిగతా పని రణకేతు చేశాడు. "నాకు ఇవ్వని గొడుగు ఎవరికీ వద్దు!" అంటూ ఒక్క తన్ను తన్నాడు. గొడుగు పడమటి ద్వారంలోంచి ఎగిరి నదిలో పడింది. గట్టిపడుతున్న లక్కలో చిక్కి గిలగిల్లాడుతున్న దూతను కూడా ఆ వెంటే విసిరేశాడు.

"ఎనభై రెండు!"

పొగ ద్వారాల్లోంచి పలచబడి పోయింది. అర్ణవసేనుడు తన చేతిని చూసుకుంటూ నిలబడ్డాడు. మణికట్టు దాకా నల్లటి బొగ్గు. బొగ్గువేలికి బంగారు ఉంగరం మెరుస్తోంది.

"ఉంగరం తీసి ఎడమచేత్తో..." అంది కువలయ.

"ఉన్న వేలికే ఉండాలి తల్లీ. నియమం," అన్నాడు వేణుధరుడు బరువుగా. "కదిలిస్తే వేలు విరుగుతుంది."

"ఎనభై తొమ్మిది!"

ఉత్తరపు ద్వారంలోంచి కొండల మీద నల్లటి తెర కనబడుతోంది. కువలయ అటే చూస్తూ నిలబడింది.

అర్ణవసేనుడు కూడా అటు చూశాడు. "గొడుగు ఎంత బాగుందో అనుకున్నాను," అన్నాడు ఎవరితోనో చెప్పినట్టు. తర్వాత లక్క దగ్గరికి నడిచాడు. "లక్కవాడా, శంఖం మూతి పైకి ఉండాలి కదూ?"

"అవును ప్రభూ. తొంభై నాలుగు."

అతను చెయ్యి ఎత్తి ఒక్క పోటు పొడిచాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడు. వేలు, ఉంగరం లక్కలో నిలిచిపోయాయి. వాటిని మెల్లగా ఊడదీస్తే కింద శంఖం స్పష్టంగా, నిటారుగా ఉంది.

"నేనూ మళ్ళీ వేస్తాను!" రణకేతు ముందుకు దూకాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయో మండుతున్నాయో తెలియలేదు. "వీడు వేలు ఇచ్చాడు. రేపు పాటలన్నీ వీడి మీదే. నా గుర్రం కాళ్ళు పైకెత్తుకుని ఉంటుంది. జరుగు!"

"పడ్డ ముద్ర పడ్డట్టే ప్రభూ," అన్నాడు సారంగుడు. సుత్తి ఎత్తాడు. "నూరు!"

లేఖ పూర్తయింది. ఒక్క పేరు తప్ప.

"దూతగా ఎవరిని రాద్దాం?" అన్నాడు వేణుధరుడు.

కువలయ కలం అందుకుంది. "సంగమశిల ఉప్పు తినేటప్పుడు ఏ రాజ్యం తనది కాదని ప్రమాణం చేసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఈ లక్కవాడు. ఇతని మీద ఎవరికైనా అసూయ ఉందా?"

రాజులు సారంగుడి మసిపట్టిన చొక్కాను, కాలిన వేళ్ళను చూశారు. ఎవరికీ లేదు.

ఆమె పేరు రాసింది. తన నడుముకున్న నీలిరంగు నడికట్టు విప్పి లేఖను సారంగుడి ఛాతీకి గట్టిగా చుట్టింది.

"ఇప్పుడుంది," అన్నాడు రణకేతు.

"ఏమిటి?" అంది ఆమె.

"అసూయ. మీ స్వయంవరంలో ఆ నడికట్టు నేనడిగాను. ఇవ్వలేదు."

"మీరు అడగలేదు. ఎంతకైనా కొంటానన్నారు," అంది కువలయ.

రణకేతు సారంగుణ్ణి రెక్క పట్టుకుని తూర్పు ద్వారం వైపు లాక్కుపోయాడు. "ఆ పక్షులుండే గరుడస్తంభానికి రెండు ఆమడలు. ఎదురుగాలిలో పడవ పనికిరాదు. నా రాజ్యం గుర్రం ఇవ్వదు, ముద్ర వేశాను. కానీ ఒడ్డున ఉన్నది నా సొంత గుర్రం. నా గుర్రాన్ని నేను తప్ప ఎవరూ నడపరు. వెనక ఎక్కు."

ఇద్దరూ చిన్న పడవలో ఒడ్డుకు దాటి ఎక్కగానే నల్లటి మేలుజాతి గుర్రం వింటినుంచి వెడలిన బాణంలా ఒడ్డు వెంట దూసుకుపోయింది. ఎడమపక్క నది, కుడిపక్క రెల్లుపొదలు. అర ఆమడ దాటారో లేదో నది నీళ్ళు బుడబుడా ఉడికాయి. ముత్యాల గొడుగు పైకి లేచింది. ఎనిమిది కమ్మీలు ఎనిమిది కాళ్ళయ్యాయి. అది సాలెపురుగులా ఒడ్డెక్కి టకటకమని వెంటబడింది.

సారంగుడు వెనక్కి చూసి కెవ్వుమన్నాడు. "ప్రభూ! గొడుగు తరుముతోంది!"

"ఎవరిని?"

"మనల్ని!"

"పోనీ, ఇప్పటికైనా నా వెంట పడింది," అన్నాడు రణకేతు తృప్తిగా. కత్తి దూసి ఒంటిచేత్తో కళ్ళెం గుంజాడు.

గుర్రం గిర్రున తిరిగింది. మొదటి వేటుకు రెండు కాళ్ళు తెగాయి. మిగిలిన ఆరు కాళ్ళతో గొడుగు ఎగిరి గుర్రం పిరుదుల మీద వాలింది. ఒక కమ్మీ సారంగుడి ఛాతీకి కట్టిన లేఖ మీద గుచ్చుకుంది. అతను ఆ కమ్మీని రెండు చేతులా పట్టుకుని, గొడుగుతో సహా తనను తాను కిందికి దొర్లించుకున్నాడు. బురదలో కిందా మీదా పడ్డారు. రణకేతు గుర్రాన్ని వాళ్ళ మీదుగా దూకించాడు. డెక్కలు దిగినచోట గొడుగు ముడుచుకుని, నల్లటి పిండిగా రాలిపోయింది.

"లేఖ?" అన్నాడు రణకేతు.

సారంగుడు నడికట్టు తడిమి చూసుకున్నాడు. గుడ్డ చిరిగింది. లక్క చెక్కుచెదరలేదు.

"సరే. ఎక్కు. నా కత్తిదెబ్బ చూశావా? అర్ణవసేనుడికి చెప్పాలి నువ్వు."

పొద్దు బాగా వాలేసరికి సముద్రం వచ్చింది. అలల నడుమ ఆకాశాన్ని పొడుస్తున్నట్టు గరుడస్తంభం. దాని అంచు అంచునా ఏనుగులంతటి పక్షులు, ఎండకు రాగిరంగు తిరిగిన రెక్కలు ముడుచుకుని కూర్చున్నాయి. ఒడ్డు నుంచి స్తంభం పాదం దాకా సాగిన రాతిగట్టు మీద పక్షిసేనాని తార్క్షి నిలబడి ఉంది. మనిషి ముఖం, డేగ కళ్ళు, భుజాల నుంచి నేలదాకా గోధుమరంగు రెక్కలు.

ఆమె లేఖ అందుకుని చదివింది. తర్వాత ముద్రలు చూసింది.

"పదమూడేళ్ళ కిందట మీ నాలుగు రాజ్యాల నుంచి ఒకే రోజు నలుగురు దూతలు వచ్చారు," అంది. "ఒకడు యుద్ధమన్నాడు, ఒకడు సంధి అన్నాడు, ఒకడు చేపలు కావాలన్నాడు. నాలుగోవాడు ఆ ముగ్గురినీ నమ్మొద్దన్నాడు. మీలో మీరు మాట్లాడుకుని రండని పంపేశాం. ఈసారి ఒకే లేఖ. మంచిదే. ఈ గుర్రం ఎందుకు తలకిందులుగా ఉంది?"

"హేమకూటం యుద్ధానికి రాదు. మాకు అడ్డుపడదు," అన్నాడు సారంగుడు. "లేఖ చెల్లుతుంది."

"అది మాకూ తెలుసు." డేగ కళ్ళు రణకేతు కిరీటం మీదికి తిరిగాయి. "రానన్న రాజ్యపు రాజు దూతతోపాటు ఇక్కడికెందుకు వచ్చాడు? లేఖ ఒక మాట చెబుతోంది. ఈ కిరీటం ఇంకో మాట చెబుతోంది. మళ్ళీ రెండు నాలుకలతో మాట్లాడేవాళ్ళకోసం మా రాణిగారి పక్షులు చావవు. లేఖ వెనక్కి తీసుకుపో."

దూరంగా ఉత్తరాన పొగ కొండ దిగి మైదానంలోకి పారుతోంది. దాని ముందు నీలద్రోణి బురుజులు సన్నని పుల్లల్లా కనబడుతున్నాయి.

"నేను..." అన్నాడు రణకేతు. ఆగాడు.

అతని చెయ్యి కిరీటం మీదికి వెళ్ళింది. మళ్ళీ కిందికి దిగింది. ఒకసారి సారంగుడి ఛాతీ మీద చిరిగిన నీలి నడికట్టును చూశాడు. ఒకసారి ఉత్తరం వైపు చూశాడు. కిరీటం తీసి సముద్రంలోకి విసిరేశాడు.

"రాజెవరు?" అన్నాడు గట్టిగా. "నేను ఈయన గుర్రం కాపరిని."

తార్క్షి రెప్ప వెయ్యలేదు. "గుర్రం కాపరి గొంతు ఇంత పెద్దదా?"

"పెద్ద గుర్రం."

"నీ యజమాని పేరేమిటి?"

రణకేతుకు ఆ పేరు తెలియదు. పన్నెండేళ్ళుగా 'లక్కవాడా' అనే పిలిచాడు. రాజు కళ్ళు లేఖ మీదికి పోయాయి. కువలయ అప్పుడే రాసిన అక్షరాలు అక్కడ ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి.

"సారంగుడు," అన్నాడు రణకేతు. తర్వాత చాలా కష్టపడి ఇంకో ముక్క కలిపాడు. "సారంగుడుగారు."

తార్క్షి తల వెనక్కి వాల్చి పెద్దగా కూసింది. ఆ కూతకు స్తంభమంతా కదిలింది. నాలుగువందల జతల రెక్కలు ఒక్కసారి విచ్చుకుని సూర్యుణ్ణి కప్పేశాయి. గాలికి సముద్రం రెండుగా చీలినట్టయింది. గుర్రం బెదిరి ముందుకాళ్ళు ఎత్తింది.

"కాపరి గుర్రం దగ్గరే ఉంటాడు," అంది తార్క్షి. "పొగలో మా పక్షులకు దారి కనబడదు. ఊరు ఎటుందో చెప్పేవాడు ముందుండాలి. దూతా, నా వీపెక్కు."

"నాకు తెలుసు ఆ ఊరు!" అని రణకేతు అడుగు ముందుకేశాడు. "వీధి వీధీ తెలుసు! స్వయంవరానికి మూడుసార్లు..."

"నువ్వెవరు?" అంది తార్క్షి.

రణకేతు నోరు మూసుకున్నాడు. కళ్ళెం రెండు చేతులా పట్టుకుని వెనక్కి తగ్గాడు.

సారంగుడు తార్క్షి మెడ ఈకలు పట్టుకున్నాడో లేదో నేల కిందికి జారిపోయింది. వంగి చూస్తే రాతిగట్టు మీద ఒంటరిగా రాజు. నెత్తిన కిరీటం లేదు, పక్కన సేన లేదు. అరచెయ్యి నుదుటికి అడ్డంపెట్టుకుని రెప్ప వాల్చకుండా పైకే చూస్తున్నాడు. ఆ ముఖంలో అసూయ అంత ఎత్తునుంచి కూడా స్పష్టంగా కనబడింది.

ఎదురుగా నల్లటి గోడ లేచి వస్తోంది. దాని అంచు నీలద్రోణి ఉత్తరపు బురుజును తాకింది. బురుజు మీద జెండా ఊపుతున్న కావలివాడు చెయ్యి ఎత్తిన భంగిమలోనే నల్లబడిపోయాడు.

"ఎటు?" అని అరిచింది తార్క్షి.

"కుడికి! బురుజు మీదికే!" అన్నాడు సారంగుడు.

నాలుగువందల పక్షులు ఒక్కసారి తలలు దించి పొగలోకి దూకాయి.